పాట వెనుక పేర్లు: రచన ఎవరిది, మెట్టు ఎవరిది, వాద్య సంయోజన ఎవరిది

బళ్లారి సరిహద్దు గ్రామాలలో పాటకు భాషాభేదం తక్కువ. ఉదయం బడిలో పిల్లలు కన్నడంలో నాడగీతె పాడతారు. సాయంత్రం భజన మందిరంలో అన్నమయ్య కీర్తన ముగిసిన వెంటనే పురందరదాసు పదం అందుకుంటారు. పెండ్లి ఇంటి మైకులో తెలుగు సినిమా పాట, దాని వెనుకనే కన్నడ సినిమా పాట వినవస్తాయి. 1953 అక్టోబరు 1న ఆదవాని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలో చేరి, బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసినప్పుడు భూములు, కచేరీలు, రికార్డులు విడిపోయాయి గాని పాటలు విడిపోలేదు.

అయితే ఈ పాటలలో చాలా వాటికి ఒక లోటు ఉన్నది. పాడిన గొంతు ఎవరిదో చెప్పగలవారు ఊరికి పదిమంది ఉంటారు. రాసినది ఎవరు, మెట్టు కట్టినది ఎవరు, వాద్యాలు అమర్చినది ఎవరు అని అడిగితే సమాధానం దొరకడం కష్టం. బడి పాటలు, రాష్ట్ర గీతాలు, భజన కీర్తనలు, సినిమా పాటలు, బృందగానాలు, ఊరి పదాలు అనే వరుసలో ఈ పాటల వెనుకనున్న పేర్లను, వారి పనిని తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం. ఊరి పాటలకు పేర్లు ఎట్లా భద్రపరచుకోవాలో చివరి భాగంలో ఉన్నది.

మూడు పనులు, ముగ్గురు మనుషులు

ఒక పాట వినిపించడానికి ముందు సాధారణంగా మూడు పనులు జరుగుతాయి. మొదటిది రచన. కన్నడంలో దీనిని 'సాహిత్య' అంటారు. రెండవది మెట్టు కట్టడం. దీనికే వరుస, బాణీ అనే పేర్లున్నాయి. కన్నడ ఆకాశవాణి 'రాగ సంయోజనె' అంటుంది. మూడవది వాద్య సంయోజన. ఏ చరణానికి ముందు ఏ వాద్యం పలకాలి, ఎక్కడ ఆగాలి, రెండవ గొంతు ఏ స్వరం పట్టాలి అని నిర్ణయించే పని ఇది. సినిమా రంగంలో ఈ పని చేసేవారిని అరేంజర్ అంటారు.

ఈ మూడింటిని వేరుచేసి గుర్తించడం పిల్లలకు కూడా సులభమే. మాటలు లేకుండా కూనిరాగం తీస్తే మిగిలేది స్వరకర్త పని. రాగం లేకుండా చదివితే మిగిలేది రచయిత పని. పాట మొదలయ్యే ముందు వినిపించే వేణువు, చరణాల నడుమ వచ్చే వయొలిన్లు, పల్లవి కింద మెల్లగా సాగే రెండవ గొంతు సంయోజకుని పని. మూడు పనులు ఒక్కరే చేయవచ్చు, ముగ్గురు చేయవచ్చు, ఒక్కొక్కప్పుడు నాలుగు వందల సంవత్సరాల ఎడముతో ఇద్దరు చేయవచ్చు.

మరొక తేడా కూడా తెలిసి ఉండాలి. రాగం వేరు, మెట్టు వేరు. రాగం పొలం వంటిది. మెట్టు అందులో తీసిన చాలు వంటిది. ఒకే మోహన రాగంలో నూరు పాటలు ఉండవచ్చు, ఆ నూటికీ నూరు మెట్లు ఉంటాయి. 'ఈ పాట మోహన రాగం' అని చెప్పినంత మాత్రాన మెట్టు ఎవరిదో చెప్పినట్లు కాదు.

పాటలోనే పేరు ఉన్న కాలం

పూర్వకాలపు వాగ్గేయకారులకు ఈ లోటు తక్కువ. వారు తమ గుర్తును పాటలోనే ముడివేశారు. తెలుగులో దానిని ముద్ర అంటారు, కన్నడంలో అంకిత. పురందరదాసు పదం చివర 'పురందర విఠల' అని వస్తుంది. అన్నమయ్య కీర్తనలో వేంకటేశ్వరుని నామం వస్తుంది. కాగితం చినిగిపోయినా, తాటాకు చెదలు పట్టినా, పాడుతున్నంత కాలం ఆ గుర్తు నిలుస్తుంది. హంపి పరిసరాలలో దాసుల పదాలు ఇన్ని తరాలు పేరుతో సహా నిలవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

కాని ముద్ర రచయితను కాపాడినంతగా మెట్టును కాపాడలేదు. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) కీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రంగా ఉన్నాయి. ఆ రేకుల మీద సాహిత్యం ఉన్నది, రాగం పేరు ఉన్నది, స్వరాలు మాత్రం లేవు. కావున నేడు భజనలలో, క్యాసెట్లలో, ఆలయాల మైకులలో వినిపించే అన్నమయ్య పాటలలో అత్యధిక భాగం మెట్లు 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవి.

వారిలో మొదట చెప్పవలసిన పేరు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979). ఆయన అనంతపురం జిల్లాలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరి రాళ్లపల్లి గ్రామంలో పుట్టారు. మైసూరు మహారాజా కళాశాలలో మూడున్నర దశాబ్దాలకు పైగా తెలుగు బోధించారు. తెలుగులో వేమనపై ఉపన్యాసాలు, కన్నడంలో 'గానకలె' వంటి గ్రంథాలు రాశారు. ఆ తరువాత తిరుపతి చేరి అన్నమయ్య సాహిత్యాన్ని పరిష్కరించి, నూటికి పైగా కీర్తనలకు స్వరరచన చేసి ప్రచురించారు. రెండు భాషల నడుమ జీవించిన మనిషి ఒక మహాకవి పాటలకు మళ్లీ గొంతు ఇచ్చారన్నది ఈ ప్రాంతపు పిల్లలు తెలుసుకోదగిన విషయం. ఆయన తరువాత నేదునూరి కృష్ణమూర్తి (1927–2014), గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ (1948–2025) వంటి విద్వాంసులు అనేక కీర్తనలకు మెట్లు కట్టారు. కనుక భజన పుస్తకంలో 'అన్నమయ్య కీర్తన' అని రాయడం సగం సమాచారమే; మెట్టు కట్టినవారి పేరు కూడా చేరితేనే అది పూర్తవుతుంది.

ఈ విషయంలో క్రైస్తవ సంఘాలు వాడే తెలుగు కీర్తనల పుస్తకం పాటించిన పద్ధతి గమనింపదగినది. కీర్తన పైన రాగం, తాళం, కింద రచయిత పేరు ముద్రించడం అందులో ఆచారం. పురుషోత్తమ చౌధరి (1803–1890) వంటి తొలి తెలుగు క్రైస్తవ కవుల పేర్లు నేటికీ గ్రామ సంఘాలలో వినిపించడానికి ఆ చిన్న అక్షరాల వరుస సాయపడింది.

బళ్లారి నాటకరంగంలోనూ పాట రచయితకు గౌరవం ఉండేది. 'ఆంధ్ర నాటక పితామహుడు' అని పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) బళ్లారిలో సరస వినోదిని సభను నెలకొల్పి, తన తెలుగు నాటకాలలో పద్యాలతో పాటు పాటలకు చోటు ఇచ్చారు. నాటకం అచ్చయినప్పుడు పుస్తకం మీద కవి పేరు ఉండేది. ఆ పాటలకు హార్మోనియం మీద వరుసలు పలికించిన వాద్యకారులలో చాలామంది పేర్లు మాత్రం ఆ ముఖపత్రానికి ఎక్కలేదు.

బడిలో రోజూ పాడే గీతాలు

ప్రతి బడిలో వినిపించే జాతీయగీతానికి రచన, మెట్టు రెండూ రవీంద్రనాథ్ ఠాగూరువే. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు మహాసభలో అది మొదటిసారి పాడబడింది. 1919 ఫిబ్రవరిలో ఠాగూరు మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి కొన్నాళ్లు ఉన్నారు. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ పాశ్చాత్య సంగీతం నేర్చినవారు. ఠాగూరు పాడి వినిపించిన గీతానికి ఆమె సహాయంతో స్వరలిపి సిద్ధమయింది. ఆయన తన గీతానికి ఆంగ్లానువాదం చేసినది కూడా అక్కడే, ఫిబ్రవరి 28న. 1950 జనవరి 24న ఇది జాతీయగీతమయింది. పూర్తి పాఠం పాడవలసిన కాలం సుమారు 52 సెకండ్లని నియమం. దేశమంతా ఒకే మెట్టులో, ఒకే కాలంలో పాడగలగడానికి స్వరలిపి ఎంత అవసరమో దీనివల్ల తెలుస్తుంది.

బడులలో పాడే మరో రెండు గీతాల వెనుక కూడా తెలియవలసిన పేర్లున్నాయి. ఇక్బాల్ 1904లో రాసిన 'సారే జహాఁ సే అచ్ఛా' గీతానికి ఈనాడు అందరూ పాడే మెట్టు రచయితది కాదు. 1945లో సితారు విద్వాంసుడు రవిశంకర్ కట్టినది. మనసుకు శక్తినివ్వమని కోరే ప్రసిద్ధ హిందీ ప్రార్థన అసలు 1971నాటి 'గుడ్డీ' చిత్రంలోని పాట. రచన గుల్జార్‌ది, సంగీతం వసంత్ దేశాయ్‌ది. సినిమా పాట ప్రార్థనగా మారినప్పుడు సినిమా పేరుతో పాటు ఈ రెండు పేర్లు కూడా జారిపోయాయి.

తెలుగువారికి 'మా తెలుగు తల్లికి' గీతం ఇచ్చినది తిరుపతి ప్రాంతపు కవి శంకరంబాడి సుందరాచారి (1914–1977). దానిని ఇంటింటికీ చేర్చినది టంగుటూరి సూర్యకుమారి గ్రామఫోను రికార్డు. 1975లో హైదరాబాదులో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలలో ఆమె ఈ గీతం పాడారు. రచయిత కంటె గాయని పేరు ముందుగా గుర్తుకు రావడం ఈ గీతం విషయంలోనూ జరిగింది. తెలంగాణ రాష్ట్రం 2024 జూన్ 2న అధికారికంగా విడుదల చేసిన గీతానికి రచయిత అందెశ్రీ, సంగీతం ఎం.ఎం. కీరవాణి. దానికి రెండున్నర నిమిషాల సంక్షిప్త రూపం, పదమూడున్నర నిమిషాల పూర్తి రూపం అని రెండు రూపాలు సిద్ధం చేశారు. ఒకే రచన, ఒకే స్వరకర్త అయినా, నిడివి మారితే సంయోజన మారుతుందనడానికి ఇది ఉదాహరణ.

నాడగీతె చెప్పే పాఠం

కర్ణాటక నాడగీతె చరిత్ర ఈ జిల్లాలోని ప్రతి బడికి సంబంధించినది. కువెంపు రచించిన ఈ గీతాన్ని ప్రభుత్వం 2004 జనవరి 6న రాష్ట్రగీతంగా ప్రకటించింది. అప్పటికే ఆ సాహిత్యానికి ఒకటి కంటె ఎక్కువ మెట్లు ప్రచారంలో ఉన్నాయి. మైసూరు అనంతస్వామి (1936–1995) కట్టిన మెట్టు ఒకటి, సి. అశ్వత్థ్ (1939–2009) కట్టినది మరొకటి. ఇద్దరూ కన్నడ సుగమ సంగీతానికి పెద్దదిక్కులు. నిసార్ అహమద్ కవితలతో 1978లో వచ్చిన 'నిత్యోత్సవ' క్యాసెట్టుకు సంగీతం కూర్చినది అనంతస్వామి. భావగీతాలను వేలాదిమంది కలిసి వినే సభలుగా మార్చినది అశ్వత్థ్.

ఏ మెట్టులో పాడాలి, ఎంతసేపు పాడాలి, పూర్తిగా పాడాలా తగ్గించాలా అన్న ప్రశ్నలపై ఒకటికి రెండు సంఘాలు కూర్చున్నాయి. చివరకు గాయని హెచ్.ఆర్. లీలావతి అధ్యక్షతన ఏర్పడిన సంఘం నివేదిక మీద 2022 సెప్టెంబరులో ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చింది. అనంతస్వామి మెట్టులో, ఆలాపన లేకుండా, 2 నిమిషాల 30 సెకండ్లలో గీతం ముగించాలన్నది దాని సారాంశం. దానిని ప్రశ్నిస్తూ ఒక గాయకుడు హైకోర్టుకు వెళ్లగా 2024లో ఆ అర్జీ తోసిపుచ్చబడింది.

రచన మీద ఎవరికీ అనుమానం లేదు. వివాదమంతా మెట్టు మీద, నిడివి మీద. రచనను ప్రకటించిననాడే మెట్టును కూడా స్వరలిపితో, పేరుతో నిర్ణయించి ఉంటే 18 సంవత్సరాల సందిగ్ధం ఉండేది కాదు. మహాకవి గీతానికే ఇట్లా జరిగినప్పుడు, ఏ కాగితం లేని ఊరి పాట సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఒకే మెట్టు, రెండు భాషలు

సరిహద్దు కుటుంబాలకు బాగా పరిచయమైన సంగతి ఒకటి ఉన్నది. ఒక సినిమా పాట తెలుగులో వింటే, అదే మెట్టు కన్నడంలో కూడా విన్నట్లు గుర్తుకు వస్తుంది. ఏది అసలు, ఏది నకలు అనే వాదన బయలుదేరుతుంది. చాలా సందర్భాలలో ఆ వాదనకు చోటు లేదు. ఎందుకంటే రెండింటికీ స్వరకర్త ఒక్కరే.

మైసూరుకు చెందిన సోదరులు రాజన్–నాగేంద్ర దీనికి మంచి ఉదాహరణ. 1974లో వచ్చిన కన్నడ చిత్రం 'ఎరడు కనసు' కు వారు సంగీతం కూర్చారు. పాటలు రాసినది చి. ఉదయశంకర్. మరుసటి సంవత్సరం ఆ కథే తెలుగులో 'పూజ'గా వచ్చింది. జన్మల బంధం గురించి చెప్పే అందులోని యుగళగీతం తెలుగునాట ఈనాటికీ పెండ్లిళ్లలో వినిపిస్తుంది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం గొంతులు అందరికీ తెలుసు. ఆ మెట్టు కన్నడం నుండి వచ్చినదని, దానికి తెలుగు మాటలు కూర్చినది దాశరథి కృష్ణమాచార్యులు (1925–1987) అని తెలిసినవారు తక్కువ. ముందే ఉన్న మెట్టుకు మాటలు కూర్చడం తేలిక పని కాదు. ఎక్కడ దీర్ఘం, ఎక్కడ హ్రస్వం, ఎక్కడ ఊపిరి అన్నది మెట్టు ముందే నిర్ణయించి ఉంటుంది. ఆ కట్టుబాటులో ఉండి, అనువాదం అనిపించకుండా తెలుగు నుడికారం నింపడం దాశరథి చేసిన పని. ఇద్దరు కవులకు ఇంతటి అవకాశం ఇచ్చిన మెట్టు కట్టడం ఆ సోదరుల ప్రజ్ఞ.

ఇట్లా రెండు భాషలను కలిపినవారు ఇంకా ఉన్నారు. కన్నడ చిత్రసీమలో ఎన్నో ప్రసిద్ధ చిత్రాలకు సంగీతమిచ్చిన జి.కె. వెంకటేశ్ హైదరాబాదులో పుట్టినవారు. రాజ్‌కుమార్‌కు చాలాకాలం గొంతుగా నిలిచిన పి.బి. శ్రీనివాస్ (1930–2013) కాకినాడలో పుట్టినవారు. భాషల నడుమ గీత గీసి 'వారి పాట, మన పాట' అని వాదించేవారు ఈ పేర్లను గుర్తుంచుకోవాలి.

కనిపించని చేయి

మూడు పనులలో అన్నిటికంటె తక్కువ గుర్తింపు పొందినది వాద్య సంయోజన. జి.కె. వెంకటేశ్ వద్ద సహాయకునిగా, సంయోజకునిగా పనిచేసిన ఒక యువకుడు అనేక కన్నడ పాటల వాద్యగోష్ఠికి రూపమిచ్చాడు. ఆ పాటల రికార్డుల మీద పెద్ద అక్షరాలలో ఆ పేరు ఉండేది కాదు. 1976లో సొంతంగా సంగీత దర్శకుడైన తరువాతనే ఇళయరాజా అన్న పేరు లోకానికి తెలిసింది. బొంబాయిలో ఈ పని ఎక్కువగా స్వరలిపి చదవగల గోవా సంగీతజ్ఞులు చేసేవారు. వారిలో ఆంథొనీ గొన్సాల్వెస్ ఒకరు. ఆయన వద్ద వయొలిన్ నేర్చిన ప్యారేలాల్, 1977నాటి 'అమర్ అక్బర్ ఆంథొనీ' చిత్రంలో ఒక పాటలోకి గురువు పేరును తెచ్చారు. ఒక సంయోజకుని పేరు దేశమంతటా మారుమోగినది అట్లా. ఆ పేరు నిజంగా ఒక మనిషిదని మాత్రం విన్నవారిలో ఎక్కువమందికి తెలియదు.

బృందగానంలో సంయోజకుని పని ఇంకా స్పష్టం. మన భజనలో అందరూ ఒకే స్వరం పాడతారు. దానిని ఏకస్వర గానం అనవచ్చు. పాశ్చాత్య పద్ధతి బృందగానంలో ఒక వరుస పైస్థాయిలో, మరొక వరుస కిందిస్థాయిలో, రెండూ కలిసినప్పుడు శ్రావ్యంగా ఉండేట్లు పాడతారు. ఏ వరుసకు ఏ స్వరం అన్నది ముందుగా కాగితం మీద రాసి ఇవ్వాలి. భారతీయ భాషల గీతాలకు ఈ పద్ధతిని అలవాటు చేసినవారిలో ఎం.బి. శ్రీనివాసన్ (1925–1988) ముఖ్యులు. చిత్తూరులో పుట్టిన ఈయన మద్రాసు యూత్ కోయిర్‌ను స్థాపించి, సుబ్రహ్మణ్య భారతి వంటి కవుల గీతాలను అనేక గొంతుకల బృందగానాలుగా మలిచారు. ఆకాశవాణి బృందగాన శాఖలకు, బడిపిల్లల సామూహిక గానానికి ఆయన కృషి బాటవేసింది. ఆ పనిమీదనే లక్షద్వీప్ వెళ్లి అక్కడే కన్నుమూశారు.

పాడినవారి పేరే మిగిలితే

ప్రజల పాటలలో పేరు మారిపోవడం మరింత సులభం. 1979లో గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' చిత్రంలో గద్దర్ తెరపై పాడిన 'బండెనక బండి' పాటను చాలామంది ఆయన రచన అనుకుంటారు. దానిని రాసినది తెలంగాణ సాయుధ పోరాట కాలపు ప్రజాకవి బండి యాదగిరి. గాయకుని తప్పు ఇందులో లేదు. గొంతు వినబడుతుంది, కలం కనబడదు. అంతే తేడా.

పేరు నిలిచిన ఉదాహరణ ఈ జిల్లాలోనే ఉన్నది. సండూరు తాలూకా దరోజికి చెందిన బుర్రకథ ఈరమ్మ (మరణం 2014) అక్షరం నేర్వని కళాకారిణి. పన్నెండు కావ్యాలు ఆమెకు కంఠస్థం. హంపి కన్నడ విశ్వవిద్యాలయం ఆమె గానాన్ని అక్షరబద్ధం చేయించి, ఆమె పేరుతో పుస్తకాలు వెలువరించింది, నాడోజ గౌరవం ఇచ్చింది. అదే కథలను ఆమెకు ముందు తరాలలో పాడినవారు ఎందరో ఉంటారు. ఎవరో ఒకరు వచ్చి కూర్చుని, విని, రాసి, పేరు అడిగినందువల్ల ఆమె పేరు నిలిచింది.

చట్టం ఏమి చెబుతున్నది

1957నాటి భారత కాపీరైటు చట్టం పాట సాహిత్యాన్ని, సంగీతాన్ని రెండు వేర్వేరు కృతులుగా చూస్తుంది. స్వరలిపి రాయకపోయినా మెట్టు కట్టినవాడే స్వరకర్త అని ఆ చట్టం నిర్వచనం. రక్షణ కాలం కర్త జీవితకాలం, ఆ తరువాత 60 సంవత్సరాలు. 1992కు ముందు ఇది 50 సంవత్సరాలుగా ఉండేది. దీని ప్రకారం సాహిత్యానికి, మెట్టుకు గడువులు వేరువేరుగా లెక్కకు వస్తాయి. అన్నమయ్య సాహిత్యం అందరిదీ. దానికి ఇటీవల కట్టిన మెట్టు మాత్రం ఆ స్వరకర్త కృతిగా రక్షణ పొందుతుంది. 2012 సవరణ గీత రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో వాటాను వదులుకోవడానికి వీలులేని హక్కుగా చేసింది. వాద్య సంయోజకునికి ఇటువంటి ప్రత్యేక నిర్వచనం చట్టంలో లేదు.

తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఉపయోగపడే రెండు అంశాలున్నాయి. బడి కార్యక్రమాలలో భాగంగా ఉపాధ్యాయులు, విద్యార్థులు పాట పాడితే, వినేవారు ఆ బడివారు, తల్లిదండ్రులు, బడితో సంబంధమున్నవారు మాత్రమే అయినప్పుడు అది ఉల్లంఘన కాదు. రెండవది, హక్కులు ఇతరులకు అమ్మినా, తానే కర్తనని చెప్పుకొనే హక్కు కర్త వద్దనే ఉంటుంది. కావున పేరు చెప్పడం మర్యాద మాత్రమే కాదు, కర్తకు చెల్లవలసిన బాకీ కూడా.

ఊరి పాటకు పేరు రాయడం

ఒకప్పుడు ఈ పని రేడియో చేసేది. ఆకాశవాణిలో పాటకు ముందు 'రచన, సంగీతం, గానం' అని వరుసగా చెప్పేవారు. చదువురాని పెద్దలకు కూడా కవుల పేర్లు నోటికి వచ్చినది అట్లానే. నేడు ఫోనులో పాట తెరిస్తే ముందుగా కనిపించేది బొమ్మ, సినిమా పేరు, గాయకుని పేరు. మిగతావి వెదికితే గాని దొరకవు. పోయిన ఆ అలవాటును ఇంటిలో, బడిలో, భజన మందిరంలో మళ్లీ తెచ్చుకోవడం కష్టం కాదు.

భజన మండలి పాటల పుస్తకంలో ప్రతి పాటకు అయిదు వివరాలు రాసుకోవచ్చు: రాసినవారు, మెట్టు కట్టినవారు, మెట్టు సొంతమా, సినిమాదా, పాత పదానిదా, మండలికి నేర్పినవారు, నేర్చిన సంవత్సరం. కన్నడ పదాన్ని తెలుగు లిపిలో రాసుకొనే అలవాటున్నచోట, అది కన్నడమని పైన గుర్తు పెట్టడం మంచిది. తరువాతి తరం ఉచ్చారణలో పొరపడకుండా ఉంటుంది.

పేరు తెలియనప్పుడు 'తెలియదు' అని రాయాలి, 'జానపదం' అని రాయకూడదు. జానపదమంటే తరతరాలుగా ఎందరో కలిసి మలిచినది. ఇరవై సంవత్సరాల కింద పక్క ఊరి హార్మోనియం మాస్టరు కట్టిన పాటను జానపదమని రాస్తే, ఆయన పేరును చేతులారా చెరిపివేసినట్లే. 'తెలియదు' అని రాసిన చోట ఏదో ఒకనాడు ఎవరైనా వచ్చి పేరు చెప్పగలరు.

మొహరం రివాయతులు, కోలాట పదాలు, పెండ్లి పాటలు, తత్త్వాలు పాడే పెద్దలు ఇంటిలో ఉంటే, ఫోనులో రికార్డు చేసే ముందు వారి పేరు, ఊరు, పాట ఎవరి వద్ద నేర్చారు అన్నది వారి గొంతుతోనే చెప్పించాలి. పాటతో పాటు ఆ మాటలు కూడా నిలుస్తాయి. అయితే వారి అనుమతి లేకుండా దానిని నలుగురికీ పంపరాదు.

ప్రతిభా కారంజిలో భావగీతె పాడే పిల్లకు, వార్షికోత్సవంలో బృందగానం పాడే పిల్లవానికి, పాట ఎత్తుకొనే ముందు రచన ఎవరిది, మెట్టు ఎవరిది అని చెప్పడం నేర్పాలి. దానికి అర నిమిషం చాలు. తెలుగు పాటకు కన్నడ సభలో, కన్నడ పాటకు తెలుగు సభలో ఆ రెండు పేర్లు పలికిననాడు, వినేవారికి అవతలి భాష కవి ఒకరు పరిచయమవుతారు. సరిహద్దు ఊళ్లలో పుట్టిన పిల్లలకు రెండు భాషల పాటలు ఆస్తిగా దొరికాయి. ఆ ఆస్తికి పత్రాలు రాసి ఉంచే బాధ్యత ఇప్పటి పెద్దలది.